మహారాజశ్రీ ఏ, బీ గార్లకు

అయ్యా,

విశాఖ ద్వారకానగర్‌లో ఓ మేడమీది గదిలో, ఉదయం ఏడింటి స్పోకెన్ ఇంగ్లిష్ బ్యాచ్‌లో, జిరాక్స్ కాగితం మీది సంభాషణలో మాట్లాడుకుంటున్న మిమ్మల్ని మొదటిసారి చూశాను. మీకు ఇంటిపేరు లేదు, ఊరు లేదు, పనీపాటా ఉన్నట్టూ లేదు. పొద్దస్తమానం ఒకరి మీద ఒకరు ఇడియమ్స్, అంటే ఇంగ్లిష్ జాతీయాలు, విసురుకుంటూ ఉంటారు.

పరీక్ష ఎలా రాశావని ఏ గారు అడగడమే ఆలస్యం, "పీస్ ఆఫ్ కేక్!" అంటారు బీ గారు. మేమైతే నల్లేరు మీద బండి నడక అంటాం. మా ఇంట్లో కేకు పుట్టినరోజుకే వచ్చేది, అందులో ముక్క దక్కాలంటే ముగ్గురు అన్నదమ్ములతో కుస్తీ పట్టాలి. తేలికట!

ఇక కుండపోత వాన. "రెయినింగ్ క్యాట్స్ అండ్ డాగ్స్" అని నాచేత వందసార్లు అనిపించారు. ఇది 1738లో, గలివర్ కథ రాసిన జొనాథన్ స్విఫ్ట్ అచ్చేయించిన సంభాషణల్లోనే ఉంది. పెద్దింటివాళ్లు ఊకదంపుడుగా వాడే మాటలన్నీ పోగేసి ఆయన వెక్కిరించిన పుస్తకమది. అప్పటికే అరిగిపోయిన మాటను నేను ఫీజు కట్టి మరీ కొనుక్కున్నాను.

అదైనా సరే అనుకోవచ్చు. మొన్న ఒళ్లు కాలిపోతుంటే మేనేజర్‌కి ఫోన్ చేసి, మీరు నేర్పినట్టే, "సర్, ఐయామ్ అండర్ ది వెదర్" అన్నాను. బంగాళాఖాతంలో వాయుగుండం. పోర్టులో మూడో నంబరు ప్రమాద హెచ్చరిక ఎగరేశారని పొద్దుట్నుంచీ టీవీలో ఒకటే గోల. ఆయన ఒక్క క్షణం ఆగి, "అందరం ఆ వెదర్ కిందే ఉన్నాం. గొడుగు తెచ్చుకో" అని పెట్టేశారు. 102 జ్వరంతో, గొడుగేసుకుని, మద్దిలపాలెంలో బస్సెక్కాను. "ఒంట్లో బాలేదు సార్" అంటే సరిపోయేది. ఆయనదీ శ్రీకాకుళమే.

ఒక్క ఇడియమ్ మాత్రం నాకు సరిగ్గా వచ్చింది, అదీ మీవల్ల కాదు. ఆదివారం చేపలకని ఫిషింగ్ హార్బర్‌కి వెళ్తే, మా పక్కింటి రిటైర్డ్ నేవీ బాబాయ్‌గారు కనిపించారు. ఓ కుర్రాడు బోటు తాడు కట్టలేక తిట్లు తింటున్నాడు. "స్టిల్ లెర్నింగ్ ది రోప్స్" అన్నారాయన. "ఏటండీ?" అన్నాను. తెరచాప ఓడలో చేరినవాడు ముందుగా ఏ తాడు దేనికో నేర్చుకోవాలి, లేకపోతే ఓడ కదలదని చెప్పి, నాచేతా ఓ ముడి వేయించారు. అది ఊడిపోయింది. మాట మాత్రం మిగిలింది.

మీ కాగితంలో ఇన్నేళ్లుగా ఎవరూ ఎవర్నీ ఆ "ఏటండీ?" అని అడగలేదు. బీ గారు ఏది విసిరినా ఏ గారు తలూపుతారు. ఈసారి అచ్చుకి వెళ్లే ముందు చిన్న మార్పు చేయించండి. "పీస్ ఆఫ్ కేక్" అనగానే ఏ గారు ఒక్కసారి "ఏటీ?" అనాలి. బీ గారేం చెబుతారో వినాలని ఉంది.

ఇట్లు,
మీ సంభాషణలో చోటు దొరకని
సీ