సీఏ 15-3 రక్తపరీక్ష నార్మల్ వస్తే క్యాన్సర్ లేనట్టు కాదండీ

రొమ్ము క్యాన్సర్‌ని రక్తంలోని మార్కర్లతో, అంటే సీఏ 15-3 లాంటి పదార్థాలను కొలిచి, ముందే పట్టేయొచ్చని ఒక వ్యాసంలో చదివాను, ఆ మాట సరికాదు. మాది ఆదోని. మా పెద్దమ్మకు రొమ్ములో శనగగింజంత గడ్డ చేతికి తగిలితే ఒక ల్యాబ్‌లో సీఏ 15-3 చేసి నార్మల్ అన్నారు, ఆ కాగితాన్ని బీరువాలో చీరల కింద దాచుకుని ఆర్నెల్లు నిశ్చింతగా ఉండిపోయింది. తొలిదశలో చాలామందికి అది నార్మల్‌గానే ఉంటుంది, ముదిరిన జబ్బుకు మందు పనిచేస్తోందా లేదా చూడటానికే దాన్ని ఎక్కువగా వాడతారు. క్యాన్సరో కాదో తేల్చేది బయాప్సీనే, అంటే గడ్డలోంచి చిన్న ముక్క తీసి చేసే పరీక్షే. గడ్డ తగిలితే, నొప్పి లేకపోయినా సరే, మామోగ్రామ్ (రొమ్ము ఎక్స్‌రే), బయాప్సీ గురించి డాక్టర్‌ని గట్టిగా అడగండి అక్కా.

చివరికి కర్నూలులో సూదితో ముక్క తీస్తే ఈఆర్, పీఆర్ అనే హార్మోన్ గ్రాహకాలు రెండూ నెగెటివ్, క్యాన్సర్ కణాల మీద ఉండే హెర్2 అనే ప్రొటీన్ మాత్రం 2 ప్లస్ అని వచ్చింది. అంటే అటూ ఇటూ కాదు, 3 ప్లస్ అయితే పాజిటివ్ అనేవాళ్లు, 2 ప్లస్ కాబట్టి అదే ముక్క మీద హెర్2 జన్యువు ఎక్కువగా ఉందో లేదో చూసే ఫిష్ పరీక్ష కూడా చేయాలన్నారు. హైదరాబాద్ నుంచి ఆ రిపోర్టు వచ్చేదాకా ఇంట్లో ఎవరికీ ముద్ద దిగలేదు, అంత టెన్షన్. పాజిటివ్ అని తేలాకే హెర్2 మీద పనిచేసే ట్రాస్టుజుమాబ్ అనే మందు మొదలుపెట్టారు. ఇంకా ఆరు ఇంజెక్షన్లున్నాయి.