మసాయి మారాకు పదిహేను కిలోలు

కెన్యా సఫారీకి వెళ్ళొచ్చిన వాళ్ళందరూ సింహం గురించే చెప్తారు. సింహం కంటే ముందు ఎదురయ్యే క్రూరమృగం ఒకటుంది, దాని గురించి ఎవరూ నోరు విప్పరు. అది నైరోబీలోని విల్సన్ విమానాశ్రయంలో ఉండే తూకం మిషన్. సింహాలుండే మసాయి మారా రిజర్వులోని లాడ్జీలకు తీసుకెళ్ళే బుల్లి విమానంలో డజను మంది పడతారు, మనిషికి 15 కిలోల సామాను, అదీ చేతిలో పట్టుకున్న బ్యాగుతో కలిపి, అదీ మెత్తటి సంచిలో. చక్రాలున్న గట్టి సూట్‌కేసు తెస్తే అది నైరోబీలోనే ఉండిపోవాలి. పదిహేను కిలోలను మన ఇళ్ళల్లో సామాను అనరు, దారిలో తినడానికి పెట్టుకున్నది అంటారు.

కాబట్టి సఫారీ తయారీ అనే ఈ గంభీరమైన విషయం మీద తెలుగువారికి నాలుగు మాటలు చెప్పాల్సిన బాధ్యత నా మీద పడింది.

తయారీ ఆరు నెలల ముందే మొదలవుతుంది, వాట్సాప్ గ్రూపుతో. గ్రూపుకి పేరు పెట్టడం, డీపీకి సింహం బొమ్మ పెట్టడం మగవాళ్ళు చూసుకుంటారు, మిగిలిన పనంతా ఆడవాళ్ళ మీద పడుతుంది. ఆ మిగిలిన పనిలో మొదటిది కందిపొడి. లాడ్జీలో మూడు పూటలా భోజనం వాళ్ళే పెడతారు, చాలా చోట్ల శాకాహారమే కాదు, ఉల్లి వెల్లుల్లి లేని జైన్ భోజనం కూడా చేసిపెడతారు, ఎందుకంటే గుజరాతీలు ఆ దేశంలో వందేళ్ళకు పైగా కాపురముంటున్నారు, చపాతీ అయితే కెన్యా వాళ్ళకు ఇంటి వంట అయిపోయింది. ఇదంతా చెప్పినా వినేవాళ్ళు లేరు. "అక్కడేం దొరుకుతుందో ఏమో" అన్న ఒక్క వాక్యంతో ఆవకాయ, గోంగూర, చిన్న రైస్ కుక్కర్ సంచిలోకి ఎక్కేస్తాయి. ఆ లాడ్జీల గదులు చాలావరకు టెంట్లే, వాటిలో ఉన్నది సోలార్ కరెంటు, హెయిర్ డ్రయ్యర్ పెట్టినా ఊరుకోరు, పైగా అక్కడి సాకెట్లకు మూడు పలక రంధ్రాలు, మన గుండ్రటి పిన్నులు వాటిలో దూరవు. కుక్కర్ మాత్రం నాలుగు రోజులు అడవి చూసి క్షేమంగా తిరిగొస్తుంది.

ఇంతకంటే పెద్ద సమస్య కవర్లు. 2017 ఆగస్టు నుంచి కెన్యాలో ప్లాస్టిక్ సంచులు నిషేధం, చట్టంలో 40 లక్షల షిల్లింగుల దాకా జరిమానా, నాలుగేళ్ళ దాకా జైలు రాసి ఉంది. 2020 నుంచి నేషనల్ పార్కుల్లాంటి చోట్లకి ఒకసారి వాడి పారేసే నీళ్ళ సీసాలు కూడా తీసుకెళ్ళకూడదు. ఇది చదివి తెలుగు గృహం పునాదులు కదులుతాయి. చెప్పులు ఒక కవర్లో, మాసిన బట్టలు ఇంకో కవర్లో, పచ్చడి సీసా ఒకదాని మీద ఒకటి తొడిగిన మూడు కవర్లలో, ఆ పైన ఎందుకైనా మంచిదని ఖాళీ కవర్లు పెట్టుకున్న మరో కవరు, ఇదీ మన ప్యాకింగ్ శాస్త్రం. దాన్ని తీసేస్తే మనకు సామాను సర్దడం రాదని తెలిసిపోతుంది. చివరికి పెళ్ళిళ్ళల్లో రిటర్న్ గిఫ్టుగా వచ్చిన గుడ్డ సంచులు బయటికి తీస్తారు, వాటి మీద వధూవరుల పేర్లు ఉంటాయి, ఆ కొత్త జంట అలా మారా నది దాకా వెళ్ళొస్తారు.

ఇంత శ్రద్ధ వ్యాక్సిన్ దగ్గర ఉండదు. ఎల్లో ఫీవర్ సూది వేయించుకున్న పది రోజుల తర్వాతే సర్టిఫికెట్ చెల్లుతుంది, అది లేకుండా తిరిగొస్తే ఆరు రోజుల దాకా మన వాళ్ళే క్వారంటైన్‌లో పెట్టొచ్చు. ఆ జబ్బు మన దేశంలో లేదు గానీ దాన్ని మోసే దోమ మాత్రం ఇక్కడ దండిగా ఉంది, అందుకే ఆ భయం. ఇక మలేరియా మాత్రల మాటెత్తితే ప్రతి కుటుంబంలో ఒక మామయ్య నవ్వుతారు. మన దోమల ముందు ఆఫ్రికా దోమ ఏపాటిది అంటారు. రోనాల్డ్ రాస్ 1897లో దోమ కడుపులో మలేరియా క్రిమిని పట్టుకున్నది మన సికింద్రాబాద్‌లోనే కదా, కాబట్టి ఆ జబ్బు మీద హక్కులన్నీ మనవేనని, మన వాళ్ళ జోలికి రాదని ఆయన నమ్మకం.

బట్టల సంగతికి వద్దాం. ఖాకీ రంగు ప్యాంటు, పదహారు జేబుల జాకెట్టు, తాడున్న టోపీ, కుటుంబం మొత్తానికి ఒకే రకం. ఇవన్నీ సింహానికి కనపడకుండా ఉండటానికట. మారా రిజర్వులో అసలు కారు దిగి నడవనివ్వరు, మీరు కూర్చునేది లారీ అంత శబ్దం చేసే ల్యాండ్ క్రూజర్లో, సింహం చొక్కా రంగు చూసి మోసపోయే జంతువు కాదు. ముదురు నీలం, నలుపు వేసుకోవద్దనడానికి మాత్రం కారణముంది, అక్కడ మనుషుల్ని కుట్టే సెట్సీ ఈగలకు ఆ రంగులంటే ప్రాణం, వాటిని పట్టే వలలు కూడా నీలం, నలుపు గుడ్డలతోనే కుడతారు. మన వాళ్ళు పైన ఖాకీ తొడిగి కింద నల్ల లెగ్గింగ్స్ వేస్తారు, ఈగకు అన్యాయం జరగకూడదని. ఆఫ్రికా అంటే ఎండ అనుకుని స్వెటర్లు ఇంట్లో వదిలేస్తారు. మారా సముద్ర మట్టానికి 1500 మీటర్ల పైన ఉంది, జూలైలో తెల్లవారుజామున ఓపెన్ జీపులో కూర్చుంటే పళ్ళు కొట్టుకుంటాయి. అప్పుడు లాడ్జీ వాళ్ళిచ్చిన, అక్కడి మసాయి తెగవాళ్ళు కప్పుకునే ఎర్ర దుప్పటి కప్పుకుంటే పదహారు జేబులూ దాని కింద మాయం.

ఇన్ని సర్దుకుని వెళ్ళేవాళ్ళు ఒక్కటి మర్చిపోతారు, కదలకుండా నోరు మూసుకుని కూర్చోవడం ఇంటి దగ్గర ప్రాక్టీసు చేయరు. జూలై నుంచి డిసెంబరు దాకా విదేశీయులకు రిజర్వు టికెట్ 12 గంటలకు 200 డాలర్లు. సింహమేమో రోజుకు ఇరవై గంటల దాకా పడుకుంటుంది. లెక్క కుదరదు. మొదటి అయిదు నిమిషాలు ఫొటోలు, ఆ తర్వాత "లేపొచ్చా?", ఆ తర్వాత హారన్ కొట్టమని డ్రైవర్‌కి సలహా, ఆ తర్వాత ఫోన్లో రీల్స్, అదీ స్పీకర్ పెట్టి. ఒక జంతువు దగ్గర అయిదు బండ్లకు మించి ఆగకూడదని, 25 మీటర్ల దూరం పాటించాలని అక్కడి నిబంధన. చిరుత కనపడిందని రేడియోలో వినపడగానే ఆ నిబంధన ఏమవుతుందో అమీర్‌పేట సిగ్నల్ దాటినవాళ్ళకు చెప్పక్కర్లేదు. మనల్నే అనడం కూడా న్యాయం కాదు. 2025లో మారాకు ఆనుకుని టాంజానియాలో ఉన్న సెరెంగెటిలో, విల్డెబీస్ట్ అనే అడవి జంతువుల మందలు వలసలో నది దాటే చోట పర్యాటకులు బండ్లు దిగి ఒడ్డు మీద గుంపుగా నిలబడి వాటికే దారి లేకుండా చేశారు, వీడియో ప్రపంచమంతా తిరిగింది, వాళ్ళలో ఎవరికీ కందిపొడి తెలిసి ఉండదు. అదే ఏడాది మారాలో, టెంటుకో ఈత కొలను ఉన్న ఖరీదైన లాడ్జీ ఒకటి తెరిస్తే, అది ఆ జంతువులు వలస పోయే దారిలోనే కట్టారని ఒక మసాయి పరిశోధకుడు కోర్టుకెక్కాడు.

లాడ్జీల తప్పేముంది లెండి, అతిథులు అడిగేదే వాళ్ళు కడతారు. బుకింగప్పుడు ప్రత్యేక అవసరాలు రాయమని ఒక గడి ఇస్తారు, మీరు కూడా మొహమాటపడకుండా నింపండి. టెంటు వద్దు, టెంటులా కనపడే గది కావాలి. నది ఎదురుగా ఉండాలి, హిప్పోలు కనపడాలి, రాత్రిళ్ళు మాత్రం అవి అరవకూడదు. చుట్టూ కంచె ఉండకూడదు, ఫొటోలో బాగుండదు, కానీ లోపలికి ఏదీ రాకూడదు. విల్డెబీస్ట్‌లు నది దాటే కార్యక్రమం టిఫిన్ అయ్యాక పదింటికి పెడితే బాగుంటుంది, అమ్మమ్మగారికి మోకాళ్ళ నొప్పులు, పొద్దున్నే జీపు ఎక్కలేరు.