ఉల్లంఘనలో 'ఘ'

నిన్న సోషల్ మీడియాలో నా రచయిత పేజీ పోయింది. పోవడమంటే మాయమవడం కాదు. పేజీ అక్కడే ఉంది, నా ఫొటో నవ్వుతూనే ఉంది. లోపల కూర్చున్నది మాత్రం నేను కాదు.

మధ్యాహ్నం ఓ మెసేజ్ వచ్చింది. 'మీ కాతా కాపీరైట్ నిబందనలను ఉల్లంగించినందున 24 గంటలలో తొలిగించ బడుతుంది.'

కాపీ కొట్టావంటే ఏ రచయితకైనా ఒళ్లు మండాలి. నాకూ మండింది, కాకపోతే ఆ మాటకి కాదు. ఉల్లంఘనలో 'ఘ' ఏదండీ? ఎవరైనా సంతాప సందేశం పంపినా ముందు ఒత్తులు సరిచూసి, ఆ తర్వాత బాధపడే రకాన్ని నేను. భాషలో తప్పులుంటే ఆ మెసేజ్ నకిలీదేమోనని అనుమానించాలని రెండు సభల్లో మైకు పట్టుకుని చెప్పింది కూడా నేనే. అనుమానించాలని బుర్రకి తట్టేలోపే దిద్దాలని వేళ్లకి తట్టేసింది.

'అయ్యా, కాతా కాదు, ఖాతా. నిబందన కాదు, నిబంధన, ధకి ఒత్తుంది. తొలిగించ బడుతుంది కాదు, తొలగించబడుతుంది. మధ్యలో ఖాళీ అక్కర్లేదు. అసలు తెలుగులో ఈ 'బడు' ప్రయోగమే అంత బాగుండదు, తొలగిస్తాం అంటే చాలు' అని వివరంగా రాశాను. అంతటితో ఆగానా? వాక్యం మొత్తం శుద్ధప్రతి తయారుచేసి, 'ఉల్లంఘించినందున' తర్వాత ఊపిరి తీసుకోవడానికి ఓ కామా కూడా పెట్టి పంపాను.

'దన్యవాదాలు సార్' అని జవాబొచ్చింది.

'ధన్యవాదాలు' అన్నాను.

'ధన్యవాదాలు సార్' అన్నాడు. ఎంత సంతోషం వేసిందో చెప్పలేను. ఇన్నేళ్లలో నేను దిద్దితే మారు మాట్లాడకుండా దిద్దుకున్న మొదటి మనిషి! మా ఎడిటర్ కూడా ఏనాడూ దిద్దుకోలేదు. అంత బుద్ధిమంతుడు లింకు పంపితే నొక్కనా? పాస్‌వర్డ్ అడిగితే కొట్టనా?

ఫోన్‌కి 6 అంకెల కోడ్ వచ్చింది. అదీ చెప్పేశాను. దాని కిందే 'ఈ కోడ్‌ను ఎవరికీ చెప్పవద్దు' అని ఉందట. అందులో ఒక్క తప్పూ లేదు, అందుకని నా కంటికి ఆనలేదు.

"నాన్నా, లింకులో కంపెనీ పేరు చూశావా? ఒక అక్షరం ఎక్కువుంది" అంది మా అమ్మాయి. తెలుగులో ఒత్తు తగ్గితే పట్టుకున్నవాణ్ణి, ఇంగ్లీషులో అక్షరం పెరిగితే వదిలేశాను. పాస్‌వర్డ్ తర్వాత కోడ్ కూడా అడిగే టూ స్టెప్ వెరిఫికేషన్ పెట్టింది కూడా పాపం తనే. ఆ రెండు మెట్లూ దొంగని చెయ్యి పట్టుకుని ఎక్కించింది నేను.

కంపెనీకి ఫిర్యాదు చేస్తే గుర్తింపు కార్డు పంపమన్నారు. పంపాను. పేజీ మీది పేరు, కార్డులోని పేరు ఒకటి కావన్నారు. కలం పేరంటే ఏమిటో ఏ యంత్రానికి చెప్పుకోను? వీడియోలో తల ఎడమకి తిప్పమంది, కుడికి తిప్పమంది, మూడుసార్లు తిప్పాను. నేను నేను కాదని తేల్చింది. అవతల నా పేరుతో అందరినీ అప్పు అడుగుతున్నవాడి మీద 40 మంది రిపోర్టు కొడితే మాత్రం, 'మా ప్రమాణాలకు విరుద్ధంగా ఏమీ లేదు' అట! వాణ్ణి తల తిప్పమన్నవాళ్లు లేరు.

పైగా ఓ పాఠకుడు నాకు ఫోన్ చేసి, "ఈమధ్య మీరు క్లుప్తంగా రాస్తున్నారు సార్, బాగుంది" అన్నాడు.

ఈ ఉదయం ఓ కవి మిత్రుడు ఫోన్ చేశాడు. గొంతు బాగా నీరసంగా ఉంది.

"నా పేజీ కూడా పోయింది గురూ."

"అదేమిటి, నాకు జరిగింది తెలిసి కూడా కోడ్ చెప్పావా?"

"నీకొచ్చింది తప్పుల తడక అన్నావుగా! నాకొచ్చింది అలా లేదు. ఒత్తులన్నీ ఉన్నాయి, పదాలు ఎక్కడా విరగలేదు. అంతెందుకు, ఉల్లంఘించినందున తర్వాత కామా కూడా ఉంది. దొంగ అంత శ్రద్ధగా కామా పెడతాడా చెప్పు?"

ఆ కామా నాదే.