సవరణ: క్రీమ్ చీజ్ ఆఖర్నే వేయాలి

క్రీమ్ చీజ్ ఫ్రాస్టింగ్‌కి (కేక్ మీద వేసే క్రీమ్ పూతకి) చీజ్, వెన్న, పంచదార పొడి ఒకేసారి వేసి 5 నిమిషాలు బీట్ చేయమని ఇంతకుముందు రాశాం. అది తప్పు. మా మాట విని చేసినవాళ్లకు ఫ్రాస్టింగ్ కప్‌కేక్ మీద నిలవక జారిపోయి ఉంటుంది, క్షమించండి.

క్రీమ్ చీజ్‌లో సగం దాకా నీరే. పంచదార ఆ నీటిని లాగేస్తుంది, ఎక్కువసేపు బీట్ చేస్తే చీజ్ విరిగి మరింత పల్చబడుతుంది.

కాబట్టి ముందు ఉప్పులేని వెన్న 115 గ్రాములు తీసుకోండి. వేలితో నొక్కితే గుంట పడాలి, వేలికి నూనె అంటకూడదు. జల్లించిన ఐసింగ్ షుగర్ (మెత్తటి పంచదార పొడి) 250 గ్రాములు రెండు విడతలుగా కలిపి, తెల్లగా పొంగేదాకా 3, 4 నిమిషాలు బీట్ చేయండి. అప్పుడు ఫ్రిజ్‌లోంచి తీసిన చల్లటి క్రీమ్ చీజ్ 225 గ్రాములు ముక్కలుగా వేస్తూ తక్కువ స్పీడ్‌లో తిప్పండి. ఉండలు పోగానే ఆపేయాలి. వెనీలా ఒక టీస్పూన్ చాలు.

క్రీమ్ చీజ్‌లో బ్రెడ్‌కి రాసుకునే డబ్బా రకం వద్దు, గట్టి బ్లాక్ రకమే వాడండి.

ఇంట్లో మిక్సీ పట్టిన పంచదారైతే 2 టీస్పూన్ల కార్న్‌ఫ్లోర్ కలపండి. కొన్న ఐసింగ్ షుగర్‌లో సాధారణంగా అది ముందే ఉంటుంది.

కాస్త జారుగా వస్తే ఇంకా పంచదార పోయకుండా అరగంట ఫ్రిజ్‌లో పెట్టండి. నీళ్లు విడిపోయి గింజలు గింజలుగా కనిపిస్తే మాత్రం ఎంత తిప్పినా మళ్లీ నున్నగా కాదు.