తుమ్మే పిల్లికి పారాసిటమాల్ ఇవ్వకండి

బెంగళూరులో మారతహళ్లి, వైట్‌ఫీల్డ్ వైపు తెలుగువారి వాట్సాప్ గ్రూపుల్లో ఒక సందేశం తిరుగుతోంది. ‘పిల్లి తరచుగా తుమ్ముతోందంటే ఈ ఊరి చలికి జలుబు చేసినట్టే. పారాసిటమాల్ బిళ్లలో పావు ముక్క ఇవ్వండి, ముక్కుకు బామ్ రాయండి. గడప దాటని పిల్లికి టీకాలు అనవసరం. పిల్లలున్న ఇంట్లో దాన్ని ఉంచకండి, జలుబు అంటుకుంటుంది.’ ఇందులో ఒక్క మాటా నిలబడదు. ఒక మాటైతే ప్రాణమే తీస్తుంది కాబట్టి ముందు దాని సంగతి.

500 మిల్లీగ్రాముల బిళ్లలో పావు అంటే 125. నాలుగు కిలోల పిల్లికి అది కిలోకు 31 మిల్లీగ్రాముల పైమాటే. కిలోకు పది మిల్లీగ్రాములకే విషమెక్కిన పిల్లులున్నాయి. మన కాలేయం ఈ మందును వదిలించుకునే ప్రధాన మార్గం పిల్లి కాలేయానికి దాదాపు లేదు. ఒంట్లో పేరుకున్న విషం రక్తంలోని హిమోగ్లోబిన్‌ను ప్రాణవాయువు మోయలేని స్థితికి తెస్తుంది. చిగుళ్లు గోధుమ రంగుకు తిరుగుతాయి, ముఖం, పాదాలు వాస్తాయి, ఊపిరి అందదు. పిల్లికి ఈ మందులో సురక్షితమైన మోతాదంటూ లేదు. ఇప్పటికే ఇచ్చి ఉంటే లక్షణాలు కనిపించేదాకా ఆగకండి. ఎసిటైల్‌సిస్టీన్ అనే విరుగుడు ఉంది, కానీ అది గంటల్లోనే అందాలి. హెబ్బాళ పశువైద్య కళాశాల ఆసుపత్రికో, దగ్గరలోని పశువైద్యుడి దగ్గరికో వెంటనే తీసుకెళ్లండి. ఎంత ఇచ్చారో, ఎప్పుడు ఇచ్చారో దాచకుండా చెప్పండి.

బామ్ కూడా అంతే ప్రమాదం. అందులోని కర్పూరం, నీలగిరి తైలం పిల్లికి విషాలు. ఒంటికి రాసిందల్లా అది నాకి మింగుతుంది.

ఇక చలి సంగతి. పిల్లుల తుమ్ములకు చాలాసార్లు కారణం హెర్పిస్, కాలిసి అనే రెండు వైరస్‌లు. హెర్పిస్ ఒకసారి సోకితే నరాల్లో జీవితాంతం దాగి ఉంటుంది, పిల్లి బెదిరినప్పుడు తిరగబెడుతుంది. సంక్రాంతికి ఊరెళుతూ పిల్లిని బోర్డింగ్‌లో వదిలితే, వారం తిరిగేసరికి తుమ్ములు మొదలవడం ఇందుకే. నాలుక మీద పుండ్లు, చొంగ కనిపిస్తే కాలిసిని అనుమానించాలి. సాంబ్రాణి పొగ, దోమల చుట్ట, ఇసుక పెట్టెలోని దుమ్ము కూడా తుమ్ములు తెప్పిస్తాయి. ఒకే ముక్కు రంధ్రం నుంచి చీమిడి గానీ రక్తం గానీ వస్తుంటే లోపల ఇరుక్కున్న గడ్డిపరక, అదనంగా పెరిగిన కండ, ఫంగస్, చెడిన పైపంటి వేరు ఉన్నాయేమో వైద్యుడు చూడాల్సిందే. ముక్కు మూసుకుపోయిన పిల్లికి వాసన తెలియదు, వాసన తెలియకపోతే తినదు. రెండు మూడు రోజులు తినకపోతే, ముఖ్యంగా బొద్దుగా ఉన్న పిల్లికి, కాలేయంలో కొవ్వు పేరుకుని ప్రాణం మీదికి రావచ్చు. నోరు తెరిచి ఊపిరి తీస్తున్నా, ఒక పూర్తి రోజు తిండి ముట్టకపోయినా ఆలస్యం చేయకండి.

గడప దాటని పిల్లికీ టీకా కావాలి. కాలిసి వైరస్ చేతులకు, బట్టలకు, చెప్పులకు అంటుకుని ఇంట్లోకి వస్తుంది. పొడిచోట రోజుల తరబడి బతుకుతుంది. ఆరు నుంచి ఎనిమిది వారాల వయసులో మొదలుపెట్టి, మూడు నాలుగు వారాలకొకసారి, పదహారు వారాలు నిండేవరకు వేయించాలి. టీకా తుమ్ములను పూర్తిగా ఆపకపోవచ్చు గానీ జబ్బు ముదరకుండా కాపాడుతుంది.

పిల్లలకు అంటుతుందన్న భయానికి ఆధారం లేదు. ఆ రెండు వైరస్‌లూ మనుషులకు సోకవు. ఈ సందేశం చదివి పిల్లిని వీధిలో వదిలేయాలనుకునేవారు ఒకటి తెలుసుకోవాలి. పెంపుడు జంతువును ఆకలికి, బాధకు గురయ్యేలా వదిలేయడం 1960 నాటి జంతు హింస నివారణ చట్టం కింద నేరం.