సవరణ: వెటకారమూ ఆటతనమూ ఒకటి కావు
పెద్దవాళ్లలోని ఆటతనం గురించి మొన్న రాసినప్పుడు, అది హాస్యచతురతకు మరో పేరని, మన కోనసీమ వెటకారమే దానికి కొలమానమని అన్నాను. ఆ రెండు మాటలూ పొరపాటు. జర్మనీలోని హాలే విశ్వవిద్యాలయ మనస్తత్వ శాస్త్రవేత్త రెనె ప్రోయర్ 2017లో ప్రతిపాదించిన నమూనా ప్రకారం, ఎదురైన పరిస్థితిని తనకు వినోదంగానో ఆసక్తికరంగానో మలచుకునే ఈ స్వభావంలో నాలుగు పాయలున్నాయి: తోటివారితో సరదాగా మెలగడం, జీవితాన్ని తేలిగ్గా తీసుకోవడం, ఆలోచనలతో ఆడుకోవడం, వింతలపై మక్కువ. వెటకారం మొదటి పాయలో కొంత ఇమడవచ్చు గానీ, ఎదుటివారిని నొప్పించే రకం (మా టీకొట్టు దగ్గర దానికి కొదవ లేదు) అందులోకి రాదని నా అభిప్రాయం. ఎవరితోనూ పరిహాసమాడకుండా, రావులపాలెం సంతలో అరటి గెలల లెక్కను పొడుపుకథలా మార్చుకుని తనలో తాను మురిసిపోయే మితభాషి మూడో పాయకు చెందుతాడు. అటువంటివారిని ‘సరదా లేని మనుషులు’ అన్న వాక్యాన్ని తొలగించాను.