ఓడిన జట్టు జెర్సీ

ఈ సంక్రాంతికి మన ప్రవాస సంఘం హనుమకొండ ఆర్ట్స్ కాలేజీ మైదానంలో జరిపిన జెర్సీల పంపిణీకి ఈ సంచికలో ఫొటోలతో వేరే పేజీ ఉంటుంది కనుక, ఎవరు జ్యోతి వెలిగించారో, ఎవరికి శాలువా కప్పారో నేను చెప్పనవసరం లేదు. ఆ పేజీలోకి రాని ఒక్క మాట గురించే ఈ వ్యాసం. ఇంగ్లండ్ ఫుట్‌బాల్ క్లబ్బు మాంచెస్టర్ యునైటెడ్ ఎర్ర జెర్సీ అందుకున్న పదకొండేళ్ల పిల్లవాడు దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "సార్, మన హైదరాబాద్‌ది లేదా?" అని అడిగాడు. మైకు పట్టుకున్న మన పెద్దమనిషి ఒకరు, "అదింకేడిది బిడ్డా, మూటాముల్లె సర్దుకొని ఢిల్లీకి పోయింది" అనగానే వేదిక మీదివారంతా నవ్వారు. నేనూ నవ్వాను. ఆ జెర్సీల ఖర్చులో నా వాటా కూడా ఉంది. నవ్వినందుకు సిగ్గుపడడానికి మాత్రం ఇంటికి చేరేదాకా పట్టింది.

పిల్లవాడు అడిగిన జట్టు అంత తీసివేయదగినది కాదు. ఇండియన్ సూపర్ లీగ్ ఫుట్‌బాల్‌లో 2019లో పుణె క్లబ్బు స్థానంలో పుట్టిన హైదరాబాద్ ఎఫ్‌సీ మొదటి సీజన్‌లో 18 మ్యాచ్‌లకు రెండే గెలిచి అట్టడుగున నిలిచింది. సీజన్ సగంలోనే కోచ్ ఫిల్ బ్రౌన్‌ను పంపించారు. ఆ తరువాత కోచ్‌గా ప్రకటించిన ఆల్బర్ట్ రోకా బార్సిలోనా నుంచి పిలుపు రాగానే వెళ్లిపోతే, ఆ ఖాళీలోకి వచ్చిన మనోలో మార్క్వెజ్ మూడు సీజన్లు నిలిచారు. 2022 మార్చి 20న గోవాలోని ఫటోర్డాలో కేరళ బ్లాస్టర్స్‌తో ఫైనల్ 1-1గా ముగిశాక, గోల్‌కీపర్ లక్ష్మీకాంత్ కట్టిమణి మూడు పెనాల్టీలు ఆపి కప్పు చేతికిచ్చాడు. అయితే కోవిడ్ వల్ల ఆ సీజన్ పోటీలన్నీ గోవాలోనే జరిగినందున, ఛాంపియన్లు అయిన ఏడాది ఆ జట్టు తన సొంత మైదానమైన గచ్చిబౌలిలో ఒక్క లీగ్ మ్యాచ్ కూడా ఆడలేదు. పిల్ల పెళ్లి పరాయి ఊళ్లో జరిగితే మన వాకిట్లో పందిరి పడదు కదా, ఆ గెలుపు మన దగ్గర అలాగే గడిచిపోయింది.

2023లో మార్క్వెజ్ గోవా జట్టుకు వెళ్లిపోయారు. ఆయన స్థానంలో వచ్చిన ఐర్లాండ్ కోచ్ కానర్ నెస్టర్ ఆ సీజన్ కూడా పూర్తి చేయలేదు. ఆటగాళ్లకు జీతాలు అందలేదు, కొత్తవారిని నమోదు చేసుకోకుండా ఫిఫా నిషేధం పడింది, పేరున్నవారు ఒకరి వెంట ఒకరు వెళ్లిపోయారు. మిగిలిన కుర్రవాళ్లతో థాంగ్‌బోయ్ సింగ్టో కోచ్‌గా సీజన్ నడిపారు. 22 మ్యాచ్‌లకు ఒక్క గెలుపు, అయిదు డ్రాలు, ఎనిమిది పాయింట్లు. చెన్నైయిన్ మీద 1-0తో వచ్చిన ఆ ఒక్క గెలుపును నేను ఫోన్లో చూసి, వంటింట్లో ఒక్కడినే చప్పట్లు కొట్టాను.

2024 మొదట్లో సెలవుకు వచ్చినప్పుడు, భూపాలపల్లి సింగరేణిలో పనిచేసి రిటైరైన మా బావను వెంటబెట్టుకొని హనుమకొండ నుంచి గచ్చిబౌలికి కారులో బయలుదేరాను. జనగామలో చాయ తాగుతున్నప్పుడు కూడా ఆయన, "నూట యాభై కిలోమీటర్లు పోయి ఓడిపోయేటోళ్లను చూసుడేంది బామ్మర్ది" అని గొణుగుతూనే ఉన్నారు. స్టేడియంలో ఖాళీ కుర్చీలే ఎక్కువ. ఒక మూల పదిహేను ఇరవై మంది పసుపు జెండాలతో, ఒక్క డప్పుతో ఆగకుండా పాడుతున్నారు. బావ చూపంతా ఆ పక్కన పరుగెత్తుతున్న కుర్రాడి మీదే ఉంది. వాడు బంతి పోగొట్టుకున్న ప్రతిసారీ వెనక్కి ఉరికి మళ్లీ కాలు అడ్డం పెట్టేవాడు. ఒకసారి మేజోడు జారి చీలమండ దాకా వచ్చినా ఆగి సవరించుకోలేదు. "వీళ్లకు జీతాల్లేవంటివి గదా," అని బావ నెమ్మదిగా అడిగారు. "మాకు ఒక్క నెల ఆగితే బాయిల దిగకపోదుము. వీళ్లు ఎట్ల ఉరుకుతున్నరు?" ఆ రోజు కూడా ఓడిపోయారు. మ్యాచ్ అయిపోయాక ఆ పదిహేను మందితో పాటు లేచి నిలబడి చప్పట్లు కొట్టింది దారి పొడవునా గొణిగిన మా బావే.

కోచ్‌ను మార్చడం ఎప్పుడూ తప్పని నేను అనను. బ్రౌన్ వెళ్లకపోతే మార్క్వెజ్ వచ్చేవారు కాదు. జనం రాని మైదానానికి యజమాని ఎన్నాళ్లు డబ్బు పోస్తాడన్న ప్రశ్నలోనూ న్యాయం ఉంది. కానీ జీతం ఆగిన చోట కోచ్‌ను మార్చడం, ఎండిన బావికి కొత్త గిలక బిగించడం వంటిది. చివరికి 2025లో ఆ జట్టు స్పోర్టింగ్ క్లబ్ ఢిల్లీగా మారి తరలిపోతే, మన వాట్సాప్ గ్రూపుల్లో దాని మీద ఒక్క మాట కూడా కనబడలేదు. మాంచెస్టర్ యునైటెడ్ కోచ్ టెన్ హాగ్‌ను 2024 అక్టోబరులో తప్పించిన రోజున మాత్రం తెల్లవారేదాకా చర్చ నడిచింది. ఇదే హైదరాబాద్‌లో బడిపంతులుగా మొదలైన సయ్యద్ అబ్దుల్ రహీం సిటీ పోలీస్ జట్టును 1950 నుంచి 1963లో కన్నుమూసేదాకా తీర్చిదిద్దారు. మొదటి అయిదేళ్లలో బొంబాయి ఫుట్‌బాల్ పోటీ రోవర్స్ కప్పులు అయిదు, 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో దేశానికి నాలుగో స్థానం, 1962 జకార్తాలో ఆసియా క్రీడల స్వర్ణం ఆయన చేతి మీదుగానే వచ్చాయి. పదమూడేళ్లు ఒకే మనిషికి అప్పగించగలిగిన ఊరు అది.

ఓడినవారిని చూసి నవ్వడం మన నేల అలవాటు అని కూడా నేను ఒప్పుకోను. కాకతీయ సేనతో పోరాడి నేలకొరిగిన సమ్మక్క సారలమ్మల కోసమే రెండేళ్లకొకసారి మేడారం అడవి కిక్కిరిసిపోతుంది. జంపన్న ప్రాణం విడిచిన వాగులో మునిగి, నిలువెత్తు బెల్లాన్ని బంగారమని తూచి ఇచ్చే మనం, జీతం లేకుండా ఉరికిన పిల్లలను వేదికెక్కి ఎగతాళి చేశాం. సముద్రాలు దాటినా జాతర తేదీ మరువని మనకు అది తగదు.

కార్యవర్గానికి నా విన్నపం ఇది. ఎంత మంచి మనసుతో పంచినా జెర్సీ ఒక్క వానాకాలానికి వెలిసిపోతుంది. వచ్చే మూడేళ్లు ఆ డబ్బుతో హనుమకొండ పిల్లలకు ఒక ఫుట్‌బాల్ శిక్షకుడిని పెట్టి, నెల నెలా ఒకటో తేదీన జీతం అందేలా చూడండి. మొదటి ఏడాది పిల్లలు అన్ని మ్యాచ్‌లూ ఓడినా ఆయనను మార్చవద్దు. నా వాటా ఈ సంచిక మీ చేతికి వచ్చేలోపే కోశాధికారి గారికి చేరుతుంది. దాన్ని జెర్సీల పద్దులో మాత్రం రాయవద్దని మనవి.